మాడ్యులర్ సింథసైజర్‌తో ఆశువుగా వాయించేటప్పుడు ముందే ఎంత ప్యాచ్ చేసి ఉంచుకోవాలి?

శ్రుతిపేటిక

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. తొమ్మిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, గత నాలుగేళ్లుగా యూరోరాక్ మాడ్యులర్ (విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి, అంటే ప్యాచ్ చేసి, వాయించే సింథసైజర్) మీద సాధన చేస్తున్నాను. నా దగ్గర రెండు వరుసల చిన్న రాక్, అందులో ఎనిమిది స్వరాల వరుసను మళ్లీ మళ్లీ తిప్పే ఎనిమిది స్టెప్పుల సీక్వెన్సర్, దానితో పాటు 1970ల నాటి పాత అనలాగ్ సింథసైజర్ ఒకటి ఉన్నాయి. ఇంట్లో కూర్చుంటే గంటల తరబడి విసుగు లేకుండా వాయించగలను. నలుగురి ముందుకు వెళ్లేసరికి మాత్రం చేతులు కట్టేసినట్టు అవుతోంది.

గత నెలలో ఒక స్నేహితురాలి ఇంటి మేడ మీద, సాయంత్రం ఆరున్నరకు, సుమారు ముప్పై మంది ముందు వాయించాను. ముందుగా ఏదీ కలిపి ఉంచుకుంటే అది ఆశువు కాదన్న నమ్మకంతో, ఒక్క కేబుల్ కూడా లేని ఖాళీ ప్యానెల్‌తో మొదలుపెట్టి, ప్రతి కనెక్షన్‌నూ శ్రోతల కళ్ల ముందే ఇస్తూ వెళ్లాను. మొదటి పావుగంట బాగా సాగింది. చీకటి పడి గాలి చల్లబడే వేళకు, మంద్రంలో సీక్వెన్స్ నడుపుతున్న పాత సింథసైజర్ వెనక మోగుతున్న ఎలక్ట్రానిక్ తంబురతో కలవడం మానేసింది. ట్యూనింగ్ నాబ్ తిప్పి షడ్జమాన్ని సరిచేశాను, కానీ దాని మీది స్వరాలు ఇంకా తేడాగానే పలికాయి. అప్పుడు ధ్వని గుణాన్ని మలిచే ఫిల్టర్‌కు వెళ్తున్న కేబుల్‌ను మార్చబోయి, ఆ మసక వెలుతురులో సీక్వెన్సర్ నుంచి, స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ పిచ్ ఇన్‌పుట్‌కు వెళ్తున్న ఎర్ర కేబుల్‌ను లాగేశాను. ఎనిమిది స్వరాల వరుస ఒక్కసారిగా కూలిపోయి, లయ మాత్రం ఆగకుండా, ఒకే మంద్ర స్వరం మీద టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలైంది. నేను కంగారుపడి మిక్సర్‌లో ఆ చానల్‌ను పూర్తిగా దించేశాను. తర్వాతి పది నిమిషాలు ఏం వాయించానో నాకే గుర్తు లేదు.

వచ్చే నెలలో మరో చోట వాయించే అవకాశం వచ్చింది. నా సందేహాలు రెండు. ఆశువుగా వాయించేవారు ముందే ఎంత ప్యాచ్ చేసి ఉంచుకుంటారు, ఎంత వదిలేస్తారు? పాత వాయిద్యపు శ్రుతిని నమ్ముకుని వేదిక ఎక్కవచ్చా? దయచేసి మీ అనుభవం నుంచి చెప్పండి.

టంకం

శ్రుతిపేటిక గారికి నమస్కారం. నేను కీబోర్డులు, యాంప్లిఫయర్లు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి రెండో సందేహానికి మాత్రమే సమాధానం చెబుతాను.

షడ్జమం కుదిరినా పై స్వరాలు కుదరలేదని మీరు రాసిన వాక్యంలోనే జబ్బు ఏమిటో ఉంది. సింథసైజర్ల తొలి తయారీదారుల్లో ఒకరైన రాబర్ట్ మూగ్ నాటి నుంచి చాలా సింథసైజర్లలో వోల్టేజ్ ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పైకి వెళ్తుంది, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు అవుతుంది. సమానంగా పెరిగే వోల్టేజ్‌ను ఇలా రెట్టింపు చేస్తూ పోయే పనిని లోపల ట్రాన్సిస్టర్ల జత చేస్తుంది. మామూలు గది వేడిమిలో ట్రాన్సిస్టర్‌కు సుమారు 18 మిల్లీవోల్టులు అదనంగా ఇస్తే దానిలో కరెంటు, దానితో పాటు ఫ్రీక్వెన్సీ, రెట్టింపు అవుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ 18 స్థిరమైన అంకె కాదు. అది పరమ ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది, గది వేడిమి సుమారు 300 కెల్విన్లు కాబట్టి ఒక్కో డిగ్రీకి దాదాపు 0.33 శాతం తేడా వస్తుంది.

ఇది చిన్న అంకెలా కనిపించినా చెవికి చిన్నది కాదు. శ్రుతి తేడాను సెంట్లలో కొలుస్తారు, ఒక స్థాయిలో 1200 సెంట్లు ఉంటాయి, కాబట్టి ఒక డిగ్రీ మారితే ఆధార స్వరానికి ఒక స్థాయి దూరంలో సుమారు 4 సెంట్లు, మూడు స్థాయిల దూరంలో 12 సెంట్లు తేడా వస్తుంది. మీ మేడ మీద ఎనిమిది డిగ్రీలు తగ్గిందనుకుంటే, మూడు స్థాయిల దూరంలో దాదాపు ఒక అర్ధస్వరం పోయినట్టే. అందుకే ట్యూనింగ్ నాబ్ తిప్పినప్పుడు మీకు ఒక్క స్వరం మాత్రమే చక్కబడింది. మారినది స్వరాల మధ్య దూరం, నాబ్ జరిపేది మొత్తం వరుసను. వయొలిన్ భాషలో చెప్పాలంటే, బిరడా తిప్పితే తంత్రి శ్రుతి మారుతుంది గానీ, తంత్రి పొడవే మారిపోయినప్పుడు బిరడా ఏం చేయగలదు?

తయారీదారులు దీన్ని ఎరిగినవారే. వేడిమి పెరిగే కొద్దీ విలువ అదే నిష్పత్తిలో పెరిగే ప్రత్యేకమైన రెసిస్టర్‌ను ట్రాన్సిస్టర్ల జతకు ఆనించి పెడతారు. యాభై ఏళ్ల బోర్డులో ఆ రెండింటి మధ్య పూసిన పేస్ట్ ఎండిపోయి రాలిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అలాంటప్పుడు రెసిస్టర్ ఒక వేడిమిలోనూ ట్రాన్సిస్టర్లు మరో వేడిమిలోనూ ఉంటాయి. నమ్మకమైన టెక్నీషియన్ చేత ముందుగా అది చూపించండి. స్వరాల మధ్య దూరాన్ని సరిచేసే స్కేల్ ట్రిమ్మర్‌ను కూడా వాయిద్యం బాగా వేడెక్కిన తర్వాతే సరిచేయించండి, చల్లగా ఉన్నప్పుడు చేసిన సర్దుబాటు గంటలో పాడవుతుంది.

కచేరీ రోజున వాయిద్యాన్ని వాయించబోయే చోటనే ఉంచి, గంట ముందు ఆన్ చేసి, శ్రుతి కూడా అక్కడే చూసుకోండి. ఫ్యాన్ గాలి గానీ, ఏసీ గాలి గానీ, స్టేజి లైట్ వేడి గానీ దాని మీద సూటిగా పడకుండా చూడండి. పాత వాయిద్యానికి ఒక స్థాయికి మించిన పరిధిని అప్పగించకండి. ఆ ఒక్క స్థాయిలో జారేది జారినా, వింటున్నవారి ఓర్పు లోపలే ఉంటుంది.

మరొక్క మాట. మీ యూరోరాక్‌లో క్వాంటైజర్ ఉంటే, తంబురతో వాయించేటప్పుడు దాన్ని గుడ్డిగా నమ్మకండి. అది వోల్టును పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఒక్కొక్కటి 83.3 మిల్లీవోల్టులు. దాని పంచమం మన పంచమానికి 2 సెంట్లే తక్కువ కాబట్టి పరవాలేదు, అంతర గాంధారం మాత్రం సుమారు 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. సీక్వెన్సర్ నాబ్‌లను చెవితో సరిచేసుకోండి. 220 హెర్ట్జ్ షడ్జమం పక్కన మీది 221 దగ్గర ఉంటే సెకనుకు ఒక అల వినిపిస్తుంది. ఆ అల నెమ్మదించి ఆగిపోయిన చోట చెయ్యి తీసేయండి. వయొలిన్ నేర్చిన చెవికి ఇది కష్టం కాదు.

నాలుగో కాలం

టంకం గారు శ్రుతి సంగతి పూర్తిగా చెప్పారు కాబట్టి నేను మొదటి సందేహం దగ్గర ఆగుతాను. నేను గుంటూరు వాడిని, పదకొండేళ్లుగా బెర్లిన్‌లో ఉంటూ, నెలకొకసారైనా చిన్న వేదికల మీద మాడ్యులర్ వాయిస్తున్నాను.

ఖాళీ ప్యానెల్‌తో మొదలుపెడితేనే ఆశువు అన్న మీ నమ్మకంతో నేను ఏకీభవించలేను. మన అవధానాన్నే చూడండి. దత్తపదికి పృచ్ఛకుడు నాలుగు పదాలు ఇచ్చినప్పుడు అవధాని చెప్పే పద్యం ఆ క్షణానికి పుట్టినదే, కానీ ఉత్పలమాల గణాలను ఆయన ఆ వేదిక మీద కనిపెట్టడు. ఛందస్సు ఊపిరిలో కలిసిపోయింది కాబట్టే మనసు పదాల మీదకు వెళ్లగలుగుతుంది. మాడ్యులర్ వాయించేవారికి ప్యాచ్ ఛందస్సు లాంటిది. కచేరీకి వారం ముందు నేను ప్యాచ్‌ను స్థిరం చేసేస్తాను, తర్వాత ఒక్క మాడ్యూల్ కూడా మార్చను. ఆ వారమంతా రోజూ ఒకే ప్యాచ్‌ను వాయిస్తాను, మూడో రోజుకు విసుగు వస్తుంది, ఐదో రోజుకు అందులో నాకు తెలియని మూలలు కనిపిస్తాయి.

ఈ పద్ధతి నేను పుట్టించినది కాదు. అమెరికన్ స్వరకర్త సుజాన్ చియాని 1975లో న్యూయార్క్‌లో బుక్లా 200 అనే మాడ్యులర్ సింథసైజర్ మీద కచేరీలు చేశారు, దశాబ్దాల తర్వాత మళ్లీ అదే వాయిద్య కుటుంబానికి తిరిగివచ్చి, పాత రోజుల నాటి 16 స్టెప్పుల స్వరవరుసలు కొన్నింటినే ముడిసరుకుగా పెట్టుకుని ఇప్పటికీ ఆశువుగా వాయిస్తున్నారు. వరుస పాతదే అయినా, ఏ వరుసను ఎప్పుడు ఎత్తుకోవాలి, ఎంత వేగంతో నడపాలి, ధ్వనిని శ్రోతల చుట్టూ ఉన్న నాలుగు స్పీకర్లలో ఎటు తిప్పాలి అన్నది ఆ పూట నిర్ణయం. 1974 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని రీమ్స్ కెథడ్రల్‌లోనూ, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని కవెంట్రీ కెథడ్రల్‌లోనూ వాయించిన జర్మన్ బృందం టాంజరీన్ డ్రీమ్ ముగ్గురూ కూడా చాలా వరకు ఆశువుగానే వాయించారు, కానీ వారిలో క్రిస్టఫర్ ఫ్రాంకె మూగ్ సీక్వెన్సర్ ఖాళీగా వేదిక ఎక్కలేదు.

ఇక వేదిక మీద నేను పాటించేది చెబుతాను. ప్యాచ్‌లో మూడు కేబుళ్లను మాత్రమే స్వేచ్ఛగా వదిలేస్తాను. ఆ మూడూ పసుపు రంగువి, మిగతా రాక్‌లో ఎక్కడా పసుపు ఉండదు. వాటి ఒక చివర సిగ్నల్ వచ్చే చోట గుచ్చి ఉంటుంది, రెండో చివర రాక్ ఎడమ అంచు మీద వేలాడుతూ ఉంటుంది. ఎంత చీకట్లోనైనా చెయ్యి అక్కడికి వెళ్తుంది. ఆ చివర వెళ్లే ప్రతి ఇన్‌పుట్‌కూ ముందు, సిగ్నల్‌ను తగ్గించే నాబ్, అంటే అటెన్యుయేటర్ ఒకటి ఉంటుంది, అది పూర్తిగా మూసి ఉంటుంది. అందువల్ల కేబుల్ గుచ్చిన క్షణంలో ఏమీ వినిపించదు. నాబ్‌ను నెమ్మదిగా తెరిచే కొద్దీ మార్పు లోపలికి వస్తుంది, నచ్చకపోతే మూసేస్తాను, శ్రోతలకు తెలియదు. తీసేటప్పుడు కూడా ముందు మూసి, తర్వాతే లాగుతాను. మీరు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సగం భయం పోతుందని నేను గట్టిగా చెప్పగలను.

ఎనిమిది స్టెప్పుల వరుసను మార్చేటప్పుడు ఒకసారికి ఒకే స్వరాన్ని మార్చండి, మార్చాక కనీసం నాలుగు ఆవర్తాలు దాన్ని వినండి. ఆ వినడంలోనే తర్వాతి స్వరం తడుతుంది. కల్పనస్వరాలు వేసేటప్పుడు ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) ఎక్కడుందో తెలిసిన వయొలిన్ విద్వాంసురాలికి, సీక్వెన్సర్ రీసెట్ బటన్ ఎందుకు ముఖ్యమో నేను వివరించనక్కరలేదు. ఎంత దూరం వెళ్లినా మొదటి స్టెప్పు మీద వాలడానికి ఒక వేలు దాని దగ్గర ఉండాలి.

చివరగా మీ ఎర్ర కేబుల్ గురించి. పిచ్ కేబుల్ ఊడితే వరుస కూలి లయ నిలిచింది, ఒకే మంద్ర స్వరం కొట్టుకుంది అన్నారు. అది వింటే బాగుండేదని నాకు అనిపించింది. పదిహేను నిమిషాలు ఎనిమిది స్వరాలు విన్న చెవికి, ఆ లయ ఒక్క స్వరం మీద నిలవడం గొప్ప విశ్రాంతి. ఆ సమయంలో మీరు ఫిల్టర్‌ను నెమ్మదిగా తెరిచి ఉంటే, ఆ ఒక్క స్వరంలోని అనుస్వరాలు (దానిలోనే దాగి ఉండే పై స్వరాలు, హార్మోనిక్స్) ఒక్కొక్కటిగా పైకి వచ్చేవి. ఆ తర్వాత కేబుల్‌ను మళ్లీ గుచ్చితే ఎనిమిది స్వరాలూ కొత్తగా పుట్టినట్టు వినిపించేవి. మీరు చానల్ దించకుండా ఉండాల్సింది.

ఖాళీ జాక్

నాలుగో కాలం గారి పద్ధతి పట్ల నాకు గౌరవం ఉంది, కానీ ఖాళీ ప్యానెల్‌ను ఇంత తేలికగా పక్కన పెట్టడం సరికాదు. మొదటి కేబుల్ గుచ్చినప్పుడు వచ్చే తొలి ధ్వనిని వాయించేవారూ వినేవారూ ఒకే క్షణంలో వినే అనుభవం స్థిరమైన ప్యాచ్‌లో దొరకదు. అలా వాయించాలనుకుంటే వాయిద్యం చిన్నదిగా ఉండాలి. నేను ఆరు మాడ్యూళ్లతోనే ఖాళీగా మొదలుపెడతాను. ఇరవై నిమిషాలకు మించి వాయించను. రెండు వరుసల రాక్‌తో, పక్కన మరో పాత సింథసైజర్‌తో, ఖాళీ నుంచి మొదలుపెట్టి దీర్ఘంగా వాయించడం ఎవరికైనా కష్టమే. శ్రుతిపేటిక గారు తప్పు చేయలేదు, మోయలేనంత బరువు ఎత్తుకున్నారు.

పాత టేపులు

ఈ చర్చలో మన దేశపు ముచ్చట ఒకటి రావాలి. భారతదేశంలోకి మూగ్ మాడ్యులర్ 1969లోనే వచ్చింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ దాని మీద పని చేశారు. అక్కడ 1972 వరకు చేసిన పనులు టేపుల మీద మిగిలాయి. ఆ టేపులు చాలాకాలం మరుగున ఉండి, కళాకారుడు పాల్ పర్గస్ వెలికితీయడం వల్ల 2023లో రికార్డుగా వెలువడ్డాయి. నేను వాటిని విన్నప్పుడు కలిగిన ఆనందాన్ని దాచుకోలేను. తబలా గానీ సితార్ గానీ అనుకరించాలన్న తొందర లేకుండా, ఆసిలేటర్‌ను ఆసిలేటర్‌గానే విన్న మనుషులు మన దేశంలో అప్పటికే ఉన్నారు.

అయితే అవి టేపు మీద కూర్చిన పనులు, వేదిక మీద వాయించినవి కావు. మీ సందేహానికి నేరుగా పనికివచ్చే ఉదాహరణ చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన ఆయన 1982లో పది రాగాలను డిస్కో నడక మీద వాయించి రికార్డు చేశారు. రోలండ్ కంపెనీ డ్రమ్ మెషిన్ టీఆర్-808తో తాళం, బేస్ యంత్రం టీబీ-303తో మంద్రం ముందే అమర్చుకుని, రాగాన్ని జూపిటర్-8 సింథసైజర్ మీద చేతితో వాయించారు. ఏది యంత్రానికి వదిలారు, ఏది చేతిలో ఉంచుకున్నారు అన్నది ఆ రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. భైరవ్ వాయించినప్పుడు కింద మంద్రం మారకుండా తిరుగుతూనే ఉంటుంది, పైన చెయ్యి మాత్రం ఆలాపనలా తీరికగా నడుస్తుంది. మీ పాత సింథసైజర్‌ను ఆ 303 స్థానంలో ఊహించుకోండి. టంకం గారు చెప్పిన ఒక్క స్థాయి పరిధి దానికి చాలు.

గమకాల గురించి మీరు అడగలేదు గానీ, వయొలిన్ నుంచి వచ్చారు కాబట్టి తప్పకుండా ఆ కొరత మీకు తగులుతుంది. పోర్టమెంటో ఒక స్వరం నుంచి మరో స్వరానికి ప్రతిసారీ ఒకే తీరున జారుతుంది, తోడి గాంధారానికి అది పనికిరాదు. డాన్ బుక్లా 1960ల తొలి వాయిద్యాలకే పియానో కీబోర్డు వద్దని స్పర్శ ఫలకలు పెట్టారు. అలాంటి ఫలకో, వేలు జార్చి వాయించే రిబ్బనో ఒకటి సంపాదించి రాగాన్ని దాని మీద వాయించండి.

శ్రుతిపేటిక

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సమాధానం ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మీరు చెప్పినవి చేసి చూశాకే రాయాలనుకున్నాను.

టంకం గారి మాట ప్రకారం పాత సింథసైజర్‌ను తెరిపించాను. ట్రాన్సిస్టర్ల జతకు, రెసిస్టర్‌కు మధ్య గోటి మందం ఖాళీ ఉంది, ఎండిన తెల్లటి పొడి మాత్రం మిగిలింది. దాన్ని శుభ్రం చేసి, కొత్త పేస్ట్‌తో రెండింటినీ ఆనించి, గంట వేడెక్కనిచ్చి స్కేల్ సరిచేశారు. నిన్న సాయంత్రం కిటికీ తెరిచి, బయటి గాలి తగిలేలా రెండు గంటలు వాయించి చూశాను. ఒక స్థాయి లోపల తంబురతో విడిపోలేదు. సీక్వెన్సర్‌లో అంతర గాంధారాన్ని చెవితో కొద్దిగా దించినప్పుడు, అలలు ఆగి గది నిండుగా మోగింది. క్వాంటైజర్ మీద ఇన్నాళ్లూ ఆ స్వరాన్ని ఎలా సహించానో అని ఆశ్చర్యం వేసింది.

ప్యాచ్ స్థిరం చేసి నేటికి ఆరు రోజులు. మూడు పసుపు కేబుళ్లు ఎడమ అంచున వేలాడుతున్నాయి. ఎర్ర కేబుల్‌ను కూడా ఇప్పుడు కావాలనే లాగుతున్నాను. రెండో రోజు ఒక్క స్వరం మీద పది ఆవర్తాలు కూడా నిలవలేకపోయాను, నిన్న నలభై దాకా వెళ్లాను. ఫిల్టర్ తెరుచుకునే కొద్దీ మొదట పై షడ్జమం, దాని మీద పంచమం, ఆ తర్వాత పై స్థాయిలో అంతర గాంధారం స్పష్టంగా పలికాయి. నేను సీక్వెన్సర్‌లో చెవితో దించి పెట్టుకున్న గాంధారమే అది.

ఖాళీ జాక్ గారు, కచేరీలో చివరి ఐదు నిమిషాలు అన్ని కేబుళ్లూ ఒక్కొక్కటిగా తీసేస్తూ ఖాళీ ప్యానెల్‌తో ముగించాలనుకుంటున్నాను. ఆసిలేటర్‌ను మిక్సర్‌కు కలిపే కేబుల్‌ను ఆఖరున తీసేటప్పుడు స్పీకర్లలో పెద్ద చప్పుడు రాకుండా ఏం చేయాలి?

ఖాళీ జాక్

మిక్సర్ ఫేడర్‌ను ముందు సున్నాకు దించండి, కేబుల్‌ను ఆ తర్వాత లాగండి. జాక్‌ను సగంలో ఆపకుండా ఒకే ఊపున బయటకు తీయండి. ఫేడర్ దించేటప్పుడు మాత్రం తొందరపడకండి, ఆ ఒక్క స్వరం తగ్గుతూ పోవడానికి పూర్తిగా ఒక నిమిషం ఇవ్వండి.